మాగాయతో పాటు ఒక ఉత్తరం

చి. కిరణ్‌కి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మాగాయ పెట్టేశాను. ఈసారి కాయ ఆలస్యంగా దొరికింది, ముక్కలు ఎండబెట్టాక మబ్బు పట్టి భయపెట్టింది. నాన్నగారు కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నారు గానీ పెట్టుకోరు. స్వాతి పిల్లకి పళ్ళు వస్తున్నాయి, రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదట.

ఊరికే రాస్తున్నాను, ప్రత్యేకంగా ఏమీ లేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని నా నమ్మకం.

మొన్న పద్మ పిన్ని వచ్చింది. వాళ్ళ రవి గుర్గావ్‌లో నిన్ను కలిశాడట కదా. బాగా చిక్కిపోయావని, ఎవరితోనూ కలిసి తినడం లేదని, ఆఫీసు పార్టీకి కూడా డబ్బా పట్టుకెళ్ళావని చెప్పాడట. డబ్బా పట్టుకెళ్ళడం మంచి పనే, మానకు. డాక్టరు చెప్పిన పరీక్షలకి ఇక వెళ్ళనని కూడా అన్నావట. ఈ మాట రాజమండ్రిలో పెద్దత్తయ్య దగ్గరికి చేరేసరికి, వాడికేదో పేగుల జబ్బు, అందుకే పెళ్ళి మాట ఎత్తనివ్వడం లేదు అన్నట్టు తయారైంది. పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం, దాని గురించి నాకు టెన్షన్ లేదు. పరీక్షలకి వెళ్ళనన్న మాటే వంట చేస్తున్నా గుర్తొస్తోంది.

వెనక గదికి సున్నం వేయించాం. నీ పుస్తకాలన్నీ దులిపి మళ్ళీ అలాగే సర్దాను. నీ ఇంటర్ బోటనీ రికార్డు కనిపించింది. బొమ్మలు ఎంత శ్రద్ధగా వేసేవాడివో.

నాన్నా, ఒక మాట ముందే చెప్తున్నాను. నీకు గోధుమ పడడం లేదంటే నేను నమ్ముతున్నాను. రిపోర్టులో నెగెటివ్ అని వచ్చినంత మాత్రాన కడుపుబ్బరం అబద్ధమైపోదు. మెస్సులో మూడు పూటలా చపాతీలు, పరాఠాలు తిన్నన్నాళ్ళూ నువ్వు ఎలా ఉండేవాడివో నేను వీడియోలో చూశాను కదా. మానేశాక ముఖం తేటపడడం కూడా చూశాను. అయితే నువ్వు గోధుమ మానేసిన నెలల తర్వాత ఆ రక్తపరీక్ష చేయించుకున్నావు. ఆ టీటీజీ పరీక్ష వెతికేది సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటున్నప్పుడు వాళ్ళ ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్, అది పడక పేగు దెబ్బతినే జబ్బే సీలియాక్. తినడం మానేస్తే అవి మెల్లగా తగ్గిపోతాయి, సీలియాక్ ఉన్నవాళ్ళకి కూడా నార్మల్ అని రావచ్చు. టోటల్ ఐజీఏ, అంటే ఒంట్లో ఆ రకం యాంటీబాడీలు మొత్తం ఎంత ఉన్నాయో కూడా చూశారా? అది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళలో ఆ పరీక్ష ఉన్న జబ్బుని కూడా లేదని చూపిస్తుంది. కాగితం వెతికి నాకు ఫోటో పెట్టు. ఇన్నేళ్ళు బయాలజీ చెప్పిన దాన్ని, నాకు అర్థమవుతుంది.

పెదనాన్నగారేమో మన దక్షిణాదివాళ్ళకి ఈ జబ్బులు రావు, ఇవన్నీ ఢిల్లీ వాళ్ళవి అంటున్నారు. మన దేశంలోనే దీని మీద పెద్ద సర్వే చేసి 2016లో వివరాలు వేశారు. ఉత్తరాదిలో నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు ఉంటే, దక్షిణాదిలో 0.10 మందిలోనే కనిపించాయి. కానీ ఆ జబ్బుకి కావాల్సిన జీన్లు రెండు చోట్లా దాదాపు ఒకేలా, మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. తేడా తినే గోధుమ వల్ల కావచ్చు. మనం అన్నం తినేవాళ్ళం కాబట్టి బయటపడక ఉండిపోవచ్చు. నువ్వు అక్కడికి వెళ్ళి రోజంతా గోధుమే తిన్నావు. పెదనాన్నగారికి ఇదే చెప్పాను, ఆయన పేపరు తిరగేస్తూ కూర్చున్నారు.

సుబ్బలు పెద్దమ్మ నీకు గుర్తుండదు. నువ్వు ఉయ్యాల్లో ఉండగా ఒకసారి వచ్చి వెళ్ళింది. మా చిన్నప్పుడు వేసవి సెలవులకి లంక గ్రామంలో వాళ్ళింటికే వెళ్ళేవాళ్ళం. పెద్ద మండువా ఇల్లు, ఇంటినిండా జనం. పెద్దమ్మ పెద్ద కోడలు. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరూ శనివారం ఒక్కపొద్దు ఉండేవారు. రాత్రికి పలారం అంటే గోధుమరవ్వ ఉప్మాయే, రేషన్‌లో వచ్చే గోధుమలని తిరగట్లో విసిరి చేసేవారు. మాకు అది తెగ నచ్చేది, ఉల్లిపాయ వెయ్యకపోయినా అల్లం, పచ్చిమిర్చి దట్టంగా వేసేవారు. ఆదివారం తెల్లారేసరికి పెద్దమ్మ కడుపు పట్టుకుని దొడ్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఉండేది. వారమంతా పొలం నుంచి వచ్చేవాళ్ళకి గంగాళాలతో వండి పెట్టే మనిషి ఆదివారం లేవలేకపోయేది. వాళ్ళత్తగారు, ఆదివారం పని ఎక్కువని ఇలా చేస్తుంది అనేవారు. నాకు గోధుమ పడదండీ అని పెద్దమ్మ చెప్తే, గోధుమ పడకపోవడమేమిటి, జొరమొచ్చినవాళ్ళకి కూడా పెడతాం అనేవారు. చివరికి ఏం చేసిందంటే, శనివారం రాత్రి పళ్ళు మాత్రమే తింటానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నానంది. దేవుడి పేరు చెప్పాక ఎవరూ మారు మాట్లాడలేదు. ఆ తర్వాత వేసవిలో వెళ్తే మనిషి ఎంత బాగుందో! మమ్మల్ని కాలవకి తీసుకెళ్ళింది, తాటిముంజెలు కొట్టించింది, రాత్రి కబుర్లు చెప్తూ పిండివంటలు చేసింది. అంతకుముందు పెద్దమ్మ నవ్వడం నేను చూసినట్టే లేదు. అలా చాలా ఏళ్ళు బాగుంది. ఆ తర్వాత షుగర్ వచ్చింది. రాత్రి అన్నం మాని చపాతీ తినమన్నారు, మన వైపు షుగర్ అంటే అదే కదా. ఈసారి మొక్కు పేరు చెప్పడానికి లేదు, డాక్టరు మాట. మళ్ళీ విరేచనాలు, రక్తం లేదని టానిక్కులు, మనిషి సగమైపోయింది. షుగర్ వల్ల చిక్కిందని అందరూ అనుకున్నారు. ఒకరోజు నూతి పళ్ళెం దగ్గర మామూలుగా కాలు జారితే తుంటి ఎముక విరిగిపోయింది. ఇక మంచం దిగలేదు.

ఆవిడకి సీలియాకే అని నేను అనడం లేదు. ఆ రోజుల్లో ఎవరూ చూడలేదు. కానీ సీలియాక్‌లో పేగు లోపలి పొర దెబ్బతిని ఐరనూ కాల్షియమూ ఒంటికి పట్టవు, రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి. గోధుమ మామూలుగా పడకపోవడానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. వట్టి పడకపోవడమే అయితే ఎప్పుడైనా పొరపాటున ఒక ముక్క తిన్నా ఆ పూట బాధ, అంతే. సీలియాక్ అయితే జీవితాంతం రవ్వంత కూడా తగలకూడదు, బాధ తెలియకపోయినా లోపల నష్టం జరుగుతూ ఉంటుంది. ఇంకో సంగతి, సీలియాక్ ఉన్నవాళ్ళ తోబుట్టువులూ తల్లిదండ్రులూ పిల్లలూ అందరినీ కలిపి చూస్తే నూటికి ఏడెనిమిది మందికి ఉంటుంది. స్వాతి ఐరన్ మాత్రలు మింగుతున్నది ఈనాటిది కాదు. నీ సంగతి తేలితే దాన్ని కూడా చూపిస్తాను. అదింకా పిల్లకి పాలిస్తోంది.

కాబట్టి ముందు జీన్ పరీక్ష చేయించుకో. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అని అడుగు. దానికి గోధుమ తినక్కర్లేదు, ఒక్కసారి రక్తం ఇస్తే చాలు. రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే, మనకి పెద్ద భారం దిగిపోతుంది. ఉందని వస్తే మాత్రం కంగారు పడకు, ఆ జీన్లు ఉన్నవాళ్ళలో ఎక్కువ మందికి జబ్బు రాదు. అప్పుడు మళ్ళీ కొన్ని వారాలు గోధుమ తిని, రక్తపరీక్షా, ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి చూడడమూ మిగులుతాయి. నువ్వు వెళ్ళనంటున్నది ఆ వారాల బాధ తలుచుకునే అని నాకు తెలుసు. ఆఫీసు చేసుకుంటూ ఒక్కడివే ఆ గదిలో పడుకోవాలంటే ఎవరికైనా భయమే. అందుకే ఇంటికి రా. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని పోయినసారి నువ్వే అన్నావు. ఎంత తినాలో, ఎన్ని వారాలో ఇక్కడి డాక్టరుని అడిగి రాయించుకుందాం. కొలిచి నేను పెడతాను. పడలేకపోతే ఆయనకి చెప్పి ఆపేద్దాం. రాత్రి లేవాల్సి వస్తే పక్కగదిలో నేనుంటాను.

జీన్ లేదని తేలితే ఉల్లిపాయ, వెల్లుల్లి తిన్న రోజున ఎలా ఉంటోందో గమనించు. గోధుమలో ఉండే ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలు వాటిలోనూ ఉంటాయి. 2018లో నార్వేలో, గ్లూటెన్ పడదనుకుని మానేసిన 59 మందికి, ఏది పెడుతున్నదీ చెప్పకుండా మార్చి మార్చి పెట్టి చూస్తే, గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్లకే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకో. ఫోన్‌లో రాస్తానంటావు, అందులో అన్నీ కలిసిపోతాయి.

క్లాసులో నేను పిల్లలకి ఇష్టంగా చెప్పే సంగతి ఒకటుండేది. గోధుమకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్న డచ్ డాక్టరు విల్లెం డికే. రొట్టె మానిపిస్తే మా బిడ్డకి నయంగా ఉంటోందని ఒక తల్లి చెప్పిన మాట ఆయన కొట్టిపారెయ్యలేదు. 1944-45 చలికాలం నెదర్లాండ్స్‌లో రొట్టెకి కరువొచ్చినప్పుడు ఆ జబ్బు పిల్లలు తేరుకోవడం చూశాడు, 1950లో అదే విషయం మీద థీసిస్ రాశాడు. తల్లులు చూసేది ఊరికే పోదు నాన్నా.

పార్సిల్ సోమవారం పంపుతున్నాం. మాగాయలో ఇంగువ వెయ్యలేదు, దొరికే ఇంగువల్లో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక ఉంటుంది చూడు. అక్కడ సాంబారు తినేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకో. బియ్యప్పిండి, జొన్నపిండి మరలో పట్టించలేదు, అక్కడ గోధుమలు పట్టిన దాంట్లోనే అన్నీ పోస్తారు. ఇంట్లో మిక్సీలోనే పట్టి జల్లించాను. సున్నుండలు, జంతికలు, బెల్లం పూతరేకులు ఉన్నాయి. కాజా పెట్టలేదు, మైదా. అన్నవరం వెళ్ళొచ్చాం, ప్రసాదం గోధుమనూకతో చేస్తారు కాబట్టి నీకు కుంకుమ మాత్రమే పెట్టాను. పెసరట్టు వేసుకుంటే ఉప్మా లేకుండా తిను. హార్లిక్స్ తాగకు, అందులో గోధుమా బార్లీ రెండూ ఉంటాయి. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే కొను, మన దేశంలో దానికి కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క ఉంది. ఓట్స్ అయినా ఆ మాట రాసి ఉంటేనే. ఇవన్నీ ఇప్పటికి. ఆ వారాలు మొదలైతే పెట్టేది నేనే కాబట్టి నీకు ఆ బెంగ లేదు.

నెయ్యి సీసా మూత గట్టిగా బిగించాను, తువ్వాలుతో పట్టుకుని తిప్పు. రాత్రి భోజనం తొమ్మిది దాటనివ్వకు. జుట్టు కూడా పెరిగిందని రవి అన్నాడట.

జీన్ పరీక్షకి ఏ రోజు వెళ్తావో శనివారం లోపు చెప్పు. ఖర్చు గురించి ఆలోచించకు, నాన్నగారు డబ్బు వేస్తారు. సెలవు సంగతి తేలితే టికెట్ కూడా ఆయనే చూస్తారు, సామర్లకోట స్టేషన్‌కి వస్తారు. రైల్లో ఇచ్చే భోజనం తినకు. పెరుగన్నం, అరటిపళ్ళు, వేయించిన పల్లీలు తెచ్చుకో. ఈసారి బొటనవేలు బొమ్మ పెట్టకు, ఫోన్ చెయ్యి.

అమ్మ