రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల డాన్స్ హాళ్ళను కూలగొట్టేముందు

సంపాదకుడు గారికి,
నమస్కారం.

అమృత్ భారత్ పథకం కింద మన స్టేషన్లకు లిఫ్టులు, కొత్త ముఖద్వారాలు వస్తున్నాయి. మంచిదే. మోకాళ్ళ నొప్పుల వయసులో లిఫ్టు విలువ నాకు బాగా తెలుసు. కానీ స్టేషన్ వెనక కాలనీలోకి వెళితే, పెంకులు జారిన పాత క్వార్టర్ల నడుమ ఇన్‌స్టిట్యూట్ అనే భవనం ఒకటి కనిపిస్తుంది, రైల్వే ఉద్యోగుల క్లబ్బు అన్నమాట. దాని ఊసెత్తేవాళ్ళే లేరు. ఈ ఉత్తరం దాని గురించే.

బిట్రగుంట, గుంతకల్లు, కాజీపేట, లాలాగూడ. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇక్కడి డ్రైవర్లలో, గార్డుల్లో ఆంగ్లో-ఇండియన్లు, అంటే తండ్రి వైపు యూరోపియన్ వంశమున్న మన దేశస్థులు, చాలామంది ఉండేవారు. క్రిస్మస్‌కీ, డిసెంబరు 31 రాత్రికీ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు జరిగేది. బిట్రగుంట లోకో షెడ్డులో మా నాన్న ఫిట్టరు. 1960లలో మేం పిల్లలం కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ చూసేవాళ్ళం. చెక్క నేల మీద పాదాలు సాఫీగా జారాలని ముందే తెల్లటి పౌడరు చల్లేవారు. పగలు షెడ్డులో నూనె మరకలతో తిరిగిన మనిషే రాత్రి సూటు తొడుక్కుని ట్రంపెట్ ఊదేవాడు. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, జైవ్ అనే పేర్లు మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిశాయి. అప్పట్లో మద్యనిషేధం. ఆ సోడా సీసాల్లో ఏముండేదో మాకెవరూ చెప్పలేదు.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది కాల్ బాయ్. బండి వేళకు ముందే రన్నింగ్ స్టాఫ్‌ని, అంటే బండి నడిపే డ్రైవర్లనీ గార్డులనీ, ఇంటింటికీ వెళ్ళి లేపడం అతని డ్యూటీ. డాన్సు రాత్రి ఇళ్ళకు తాళాలుంటాయి కాబట్టి లాంతరు, కాల్ బుక్కు పట్టుకుని నేరుగా హాలుకే వచ్చేవాడు. డ్యూటీ పడ్డ డ్రైవరు భార్య చెయ్యి వదిలి, గుమ్మం దగ్గర నిలబడి సంతకం పెట్టి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి పరుగెత్తేవాడు. బ్యాండు మాత్రం ఆగేది కాదు.

‘దొరల డాన్సులు మనకెందుకయ్యా’ అనేవాళ్ళుంటారు. నిజమే, రైల్వే కంపెనీల కాలంలో చాలాచోట్ల యూరోపియన్లకు ఒక ఇన్‌స్టిట్యూట్, ఇండియన్లకు మరొకటి. పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్ ఆ గుమ్మం తొక్కే వీలుండేది కాదు. ఆ వివక్షను దాచమని నేననడం లేదు. అదీ చరిత్రే కదా, రాయాల్సిందే. అయితే ఆ డాన్సు చేసినవాళ్ళు దొరలు కారు, బొగ్గుపొగ పీల్చిన కార్మికులు. సంతలో మా అమ్మతో సమానంగా తెలుగులో బేరమాడేవారు. రైల్వే ఉద్యోగాల్లో వాళ్ళకున్న ప్రత్యేక వాటాను రాజ్యాంగం 336వ అధికరణ పదేళ్ళలో దశలవారీగా తగ్గించేసింది. కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియాకో, ఇంగ్లండుకో కదిలిపోయాయి. చివరికి 2020 జనవరిలో చట్టసభల్లో వాళ్ళకున్న నామినేటెడ్ సీట్లూ పోయాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అసెంబ్లీల్లో ఉన్న ఒక్కో సీటుతో సహా.

మిగిలింది ఈ భవనాలే. పాత ఇంజనుకు రంగులేసి ఆఫీసు ముందు నిలబెట్టడం మనవాళ్ళకు సరదా. ఆ ఇంజను నడిపినవాడు డ్యూటీ దిగాక ఎక్కడ కూర్చునేవాడో, ఎవరితో నవ్వేవాడో మాత్రం అక్కర్లేదు! ఊరి పేరెందుకు గానీ, ఈమధ్య ఒక జంక్షన్లో చూశాను. డాన్సు జరిగిన హాలు నిండా విరిగిన కుర్చీలు, చెదపట్టిన రిజిస్టర్లు. టేకు పలకలు సగం లేచిపోయి ఉన్నాయి. మిగతా సగం మీద పిల్లలు షటిల్ ఆడుతున్నారు. ఆ పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేసింది, వాళ్ళని వెళ్ళగొట్టి మ్యూజియం పెట్టమని నేను కోరను.

నేను కోరేది చిన్నది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఏర్పడుతోంది. మా లైను చేతులు మారడం కొత్తేమీ కాదు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే నుంచి 1951లో సదరన్ రైల్వేకి, 1966లో దక్షిణ మధ్య రైల్వేకి వచ్చింది. ఆఫీసు మారినప్పుడల్లా కాగితాలు దారిలో పోతాయి, సర్వీసంతా రైల్వేలోనే గడిపినవాణ్ణి, నాకు తెలుసు. అందుకే ఈ మార్పులోపే ఇన్‌స్టిట్యూట్‌లలోని సభ్యత్వ పుస్తకాలు, గ్రూపు ఫొటోలు, డాన్సు కార్యక్రమాల కార్డులు ఏరి భద్రపరచాలి. ఏ హాలునైనా కూల్చాల్సి వస్తే ముందు దాని కొలతలు తీసి, ఫొటోలు తీయాలి. గట్టిగా ఉన్నవాటిని బాగుచేసి కాలనీవాళ్ళకే ఇవ్వాలి. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ఆటలాడుకుంటారు.

ఇంకా మన ఊళ్ళలోనే ఉన్న ఆంగ్లో-ఇండియన్ పెద్దలు 80 దాటినవాళ్ళు. వాళ్ళ మాటలు రికార్డు చేయడానికి ఏ టెండరూ పిలవక్కర్లేదు, ఒక ఫోను చాలు. రెండు రాష్ట్రాల్లో ఏ జంక్షన్లో ఏ ఇన్‌స్టిట్యూట్ ఏ స్థితిలో ఉందో మీ విలేకరులతో ఒకసారి రాయిస్తే, ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో అధికారులకు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే గార్డు,
నెల్లూరు జిల్లా