షార్పయ్యకు, ఆలస్యంగా

ఒరేయ్ షార్పయ్యా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు నొప్పి తగ్గింది, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఏడుస్తోంది, గొడుగు ఇంకా దొరకలేదు. విశేషాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను, నిన్నటి నుంచి కడుపులో ఆగట్లేదు.

గిటార్ పెడల్స్ అమ్మేశాను. అంటే అన్నీ కాదు... ఉండు, మొదటి నుంచి చెప్తాను.

గిటార్ ముట్టుకుని ఏడాదిన్నర అయింది. అల్మరా తెరిచినప్పుడల్లా ఆ మూడూ నన్నే చూస్తున్నట్టుండేవి. గిటార్ గొంతు గరగరలాడించే డీఎస్-1, ట్యూబ్ స్క్రీమర్, వాయించింది పట్టుకుని మళ్ళీ మళ్ళీ వినిపించే ఆ చిన్న డిట్టో లూపర్. వాడని వస్తువుని దాచిపెట్టడం కంటే వాడేవాడికిస్తే మేలని ఒక ఆదివారం తెగించాను. ‘కొద్దిగా వాడినవి’ అని ప్రకటన రాశాను. అబద్ధం కాదు కదా! ఇంట్లో మేజోళ్లతో తొక్కిన పెడల్‌కి గీతలెక్కడివి?

ఫోటోలు తీద్దామని తిప్పి చూద్దును కదా, అడుగున వెల్క్రో. నువ్వు వద్దురా వద్దురా అంటున్నా వినకుండా రబ్బరు పీకి మరీ అంటించాను, గుర్తుందా? కొనేవాడు మొదట చూసేది అడుగే. అది పీకితే జిగురు మిగిలింది. స్పిరిట్ పోసి, బొటనవేలితో రుద్ది రుద్ది, సీరియల్ నంబర్ కనబడేదాకా గంట పట్టింది. నీ ఆత్మ ఎంత సంతోషించిందో ఊహించుకున్నాను. డీఎస్-1లో 9 వోల్టుల బ్యాటరీ ఉండిపోయింది, కారలేదు, బతికిపోయాను. ఇన్‌పుట్‌లో కేబుల్ పెట్టి వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుందని నువ్వు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టించుకున్నది నా కోసమే.

డీఎస్-1కి మంచి ధర వస్తుందన్న ఆశ కూడా పోయింది. 1978 నుంచి అదే నారింజ రంగులో చేస్తూనే ఉన్నారు, ఇక అరుదైన సరుకు అని ఎవడికి చెప్తాం? ట్యూబ్ స్క్రీమర్ సంగతి వేరు. ఒకాయన నమస్కారం కూడా లేకుండా ‘లోపల 4558 చిప్పేనా?’ అని అడిగాడు. నాలుగు స్క్రూలు విప్పి, ఫోటో తీసి పంపాను. చప్పుడు లేదు. మళ్ళీ బిగించేటప్పుడు ఒక స్క్రూ మంచం కిందకి... సరే, అది వదిలెయ్.

నిన్న సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. మూడూ కావాలన్నాడు. గిటార్, అడాప్టర్ తనవే తెచ్చుకున్నాడు. ప్లగ్ పెట్టే ముందు అడాప్టర్ మీద ప్లస్సు మైనస్సు గుర్తు చూసి, మధ్యలో మైనస్సే కదా అని పెడల్‌తో సరిచూసుకున్నాడు. వీడు పనిమంతుడే అనుకున్నాను. మొదటి రెండూ తొక్కి చూశాడు, నాబ్‌లు తిప్పాడు, తల ఊపాడు. లూపర్‌కి కరెంటిచ్చి ఒక్కసారి తొక్కాడు.

నువ్వు మొదలుపెట్టావురా.

ఒట్టు. ఆకుపచ్చ లైటు వెలిగింది, ఆంప్‌లోంచి నువ్వు. ఏ మైనర్, సి, ఎఫ్, జి కార్డులు. నువ్వు వెళ్ళే ముందు రోజు రాత్రి వాయించావే, అదే. ఆఫ్ చేసినా అది మరిచిపోదన్న సంగతి నేనే మరిచిపోయాను. ఐదు నిమిషాల దాకా పట్టే దాంట్లో మనం నింపింది ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది ఆవర్తాలే. నీ ఉంగరం తీగకి తగిలి టింగుమన్నది కూడా ఉంది. మూడో బార్ వచ్చింది. ఎఫ్ కొట్టాల్సిన చోట, నా తండ్రీ, అర మెట్టు పైన ఎఫ్ షార్ప్! ఏడో బార్‌లో మళ్ళీ సరిగ్గానే కొట్టావు చూడు, అక్కడే నాకు మండేది.

నేను గోడకేసి చూస్తూ నిలబడిపోయాను. వాడు మాత్రం ‘పాతదేదో ఉందన్నా, చెరిపేస్తాను’ అంటూ రెండుసార్లు టకటకా తొక్కి ఆపాడు. మళ్ళీ కాలు ఎత్తాడు. ఆపాక అదిమి పట్టుకుంటే మొత్తం పోతుందిరా! ‘ఆగు!’ అని నేను అరిచిన అరుపుకి వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. వాడు ఒంటికాలి మీద కొంగలా అలాగే నిలబడిపోయాడు. ఏం చెప్పను వాడికి? ‘అది మా వాడు’ అన్నాను, అంతే.

వాడు కాలు పక్కన పెట్టాడు. ‘ఇంకోసారి వినొచ్చా?’ అన్నాడు. వేశాను. మూడో బార్‌కి చిన్నగా నవ్వాడు. నాకు నీ తరఫున రోషం వచ్చింది, అది వేరే విషయం. తర్వాత రౌండులో తొక్కితే లైటు ఎరుపయింది, అంటే రికార్డింగు. నీ మీద వాడు వాయించడం మొదలుపెట్టాడు. సరిగ్గా నీ తప్పు దగ్గర డి కార్డ్ వేశాడు. ఒరేయ్, ఎఫ్ షార్ప్ అందులో స్వరమే కదా! పదేళ్లుగా మనం నవ్వుకుంటున్న తప్పు, కావాలని పెట్టినట్టు కూర్చుంది. నేను నోరు తెరిచి, తరువాత ఏమన్నానో గుర్తు లేదు.

రెండు పెడల్స్ పట్టుకెళ్ళాడు. లూపర్ ఇవ్వలేనన్నాను. బేరం కూడా ఆడకుండా ‘అర్థమైందన్నా’ అన్నాడు. చెప్పిన దాని కంటే తగ్గించి ఇచ్చాను, ఎందుకో అడక్కు.

రాత్రంతా ఒకటే పని. లూపు తిరుగుతుండగా అదిమి పట్టుకుంటే వాడి పొర పోయి నువ్వొక్కడివే మిగులుతావు, మళ్ళీ అదిమితే వాడు తిరిగొస్తాడు. నువ్వు, నువ్వూ వాడూ, నువ్వు, నువ్వూ వాడూ. ఏది ఉంచాలో తేల్చుకోలేక, పీకితే ఏది మిగులుతుందో తెలియక, ప్లగ్ పీకే ధైర్యం లేక అలాగే వదిలేశాను. ఇంకా వెలుగుతూనే ఉంది. నువ్వే చెప్పాలి, తప్పు నీది కాబట్టి. నన్నడిగితే వాడి డి కార్డ్ ఉన్నదే బాగుంది, కానీ నీ ఉంగరం టింగుమన్నది దాని కింద సగం...

అయ్యో, అమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఆ ప్లగ్ వైపే వెళ్తోంది. ఉండు