అంబుడ్స్‌పర్సన్‌కు చెప్పిన మాట గడప దాటకూడదు

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల ఫిర్యాదులపై అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని 157 విశ్వవిద్యాలయాల పేర్లను 2024 జూన్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) బయటపెట్టింది. అప్పటి నుంచీ ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరు నియమించారు, ఎవరు నియమించలేదు అన్నదే చర్చ అవుతోంది. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎలా నడుచుకోవాలన్నది అంతకంటే ముఖ్యమని, ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ సభ్యుడిగా పనిచేసినవాడిగా నా అభిప్రాయం.

2023 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు మొదట కమిటీకి వెళ్తుంది. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చని విద్యార్థి 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకుంటే, ఆయన 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. జవాబు పత్రం మళ్లీ దిద్దించమని మామూలుగా అడిగితే వినరు. ఫలితాన్ని మార్చేంత అవకతవకో, వివక్షో ఫలానా చోట జరిగిందని చూపాలి. విద్యార్థి ఇక చదవదలచుకోని కోర్సుకు కూడా ఫీజు కట్టమని, చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లను పట్టి ఉంచుకోవడం మాత్రం నేరుగా వీరి పరిధిలోకే వస్తుంది. రెండో ఏట చదువు మానుకున్న పిల్లాణ్ని నాలుగేళ్ల ఫీజూ కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనడం మన రెండు రాష్ట్రాల్లో వింతేమీ కాదు. అయినా ఈ దారి ఒకటుందని ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

తెలిసి వచ్చినవారికి ఏమవుతుందో ఒకటి చెబుతాను. ఇంటర్నల్ మార్కుల విషయమై ఒక అమ్మాయి మా కమిటీకి రెండు పేజీల ఫిర్యాదు రాసింది. ఉదయం ఇన్‌వార్డులో ముద్ర పడిన ఆ కాగితం మా దగ్గరకు రాకముందే దాని జిరాక్స్ ప్రతి, ఆమె ఎవరి మీద రాసిందో ఆ విభాగానికే చేరింది. సాయంత్రానికి ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్ వెళ్లింది: "మీ అమ్మాయి కంప్లైంట్ పెట్టిందటండీ, ముందు ప్రాక్టికల్స్ కూడా ఉన్నాయి కదా." బెదిరింపు అనడానికి అందులో ఒక్క మాటా లేదు. మూడో రోజు ఆమె వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చింది. మేము రిజిస్టర్లో 'పరిష్కారమైనది' అని రాశాం. కింద నా సంతకమూ ఉంది.

అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1967లోనే ఈ కార్యాలయాన్ని పెట్టింది. ఆ తరహా అంబుడ్స్‌ తీర్పు చెప్పరు, ఎవరినీ శిక్షించరు. విద్యార్థి చెప్పుకున్నది విని, ఉన్న దారులేమిటో చెబుతారు. ఎవరికైనా తీవ్రమైన హాని ముంచుకొస్తోందని తోస్తే తప్ప, విద్యార్థి అనుమతి లేకుండా ఆ మాట పైకి పొక్కనివ్వరు. మన అంబుడ్స్‌పర్సన్‌ది అప్పీలు వినే పని. ఆరోపణ ఎదుర్కొంటున్నవారి వాదన వినకుండా నిర్ణయం చెప్పడం అన్యాయం కాబట్టి ఇక్కడ అంత గోప్యత కుదరదు, ఒప్పుకుంటాను. కానీ వారికి ఆ సంగతి ఎప్పుడు, ఎవరి ద్వారా, ఎంతవరకు తెలియాలన్నది అంబుడ్స్‌పర్సన్ చేతిలో ఉండాలి గాని గుమాస్తా బల్ల దగ్గర తేలిపోకూడదు.

విశ్వవిద్యాలయంతో స్వప్రయోజన సంబంధం ఉన్నవారు ఈ పదవికి పనికిరారని నిబంధనల్లో ఉంది. అయితే గురుశిష్య సంబంధం ఏ అఫిడవిట్‌లోనూ కనబడదు. అంబుడ్స్‌పర్సన్‌గా ఉన్నది విశ్రాంత ఆచార్యుడైతే, తన దగ్గర పీహెచ్‌డీ చేసినవారి మీద అప్పీలు వచ్చినప్పుడు తనంతట తానే తప్పుకోవాలి. అలాగని ఆయన విద్యార్థి తరఫు వకీలూ కాదు. అబద్ధపు ఫిర్యాదు అయితే చర్య తీసుకోమని సిఫారసు చేసే అధికారం ఆయనకుంది. ఆ అధికారాన్ని మొదటి సమావేశంలోనే గుర్తుచేసే పెద్దలను చూశాను. అది వినగానే నోరు మూతపడని విద్యార్థిని మాత్రం ఇంతవరకూ చూడలేదు.

విశ్వవిద్యాలయాలు ఒక పని వెంటనే చేయవచ్చు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామన్న విద్యార్థిని, విభాగం వారెవరూ లేనిచోట, అంబుడ్స్‌పర్సనే పిలిచి కారణం అడగాలి. అలా వెనక్కి వెళ్లినవాటిని ఏటా పేర్లు లేకుండా వేరే గడిలో చూపాలి. ఆ అమ్మాయి కాగితాన్ని మేము రాయవలసిన గడి అదే.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సికింద్రాబాద్