ఒకే డిజైన్ నంబరు, రెండు రంగులు: నాలుగు లామినేట్ షీట్ల గురించి ఫిర్యాదు

కడప,
14 జూన్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఏప్రిల్‌లో కొన్న నాలుగు షీట్ల రంగు తేడా, మే 29న మీరు పంపిన జవాబు గురించి.

అయ్యా,

నేను కడప చిన్నచౌక్‌లో ఇరవై రెండేళ్లుగా వడ్రంగి పని చేస్తున్నాను. నేను, మా తమ్ముడు, ఇద్దరమే. ప్లైవుడ్ మీద అందం కోసం అంటించే మీ లామినేట్ షీట్లు తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. ఏ కంపెనీ వేద్దామని ఇంటివాళ్లు అడిగితే ముందు మీ కేటలాగే తెరిచి పెట్టేవాణ్ణి. అందుకే మీరు పంపిన రెండు లైన్ల మెయిల్ చదివాక చాలా బాధేసింది. "బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ స్వల్ప తేడా సహజం, అంటించిన షీట్ల మీద ఫిర్యాదు తీసుకోము" అన్నారు. నా ఫోటోలు ఎవరైనా తెరిచి చూశారో లేదో కూడా అందులో లేదు.

జరిగింది మళ్లీ మొదటి నుంచి రాస్తాను. జనవరిలో ఎర్రముక్కపల్లెలో ఒక ఇంటికి రెండు బెడ్‌రూముల వార్డ్‌రోబులు ఒప్పుకున్నాను. ఇంటావిడ మీ కేటలాగులో వాల్‌నట్ రంగు, మ్యాట్ ఫినిష్, ఒక మిల్లీమీటరు మందం షీటు ఎంచుకున్నారు. పదకొండు షీట్లు తెచ్చాను. పని సగంలో ఉండగా పైన లాఫ్ట్‌కు డోర్లు, ఒక డ్రెస్సింగ్ టేబుల్ కూడా చేయమన్నారు. ఏప్రిల్ 9న అదే డీలరు దగ్గర అదే డిజైన్ నంబరు చెప్పి ఇంకో నాలుగు తెచ్చాను. రెండు బిల్లులూ జత చేశాను. నంబరు ఒకటే, ధర కూడా ఒకటే, షీటు 1,850 రూపాయలు.

మీ షీటు మీద తెల్లటి ప్లాస్టిక్ కవరు ఉంటుంది. గీతలు పడకుండా పని అయిపోయేదాకా మేము దాన్ని తీయము. తీయొద్దని మీ వాళ్లే చెబుతారు. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు సాయంత్రం కవర్లన్నీ లాగేసి లైట్లు వేశాం. కింద వార్డ్‌రోబు డోరు, దాని నెత్తిన లాఫ్ట్ డోరు, మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు. సందుకు కింద కాఫీ గింజ రంగు. పైన అదే డిజైన్, అవే గీతలు, కానీ ఎర్రమన్ను కలిపినట్టు ఉంది. ఇంటావిడ గది మధ్యలో నిలబడి చూసి, "ఏమప్పా, పైన వేరే షీటు వేసినావా?" అన్నారు. ఆమె కోప్పడలేదు. తక్కువ రకం తెచ్చి వేశానేమో అని అనుమానపడ్డారు. నాకు అదే ఎక్కువ నొప్పి. ఇరవై రెండేళ్లలో ఆ మాట పడటం అదే మొదటిసారి.

గ్రెయిన్, అంటే షీటు మీది చెక్క గీతలు, తలకిందులుగా వచ్చేలా కోస్తే వెలుతురు పడే తీరు మారి రంగు తేడాగా కనబడుతుందని నాకు తెలుసు. ముందు ఆ అనుమానమే వచ్చింది. రెండు విడతల షీట్లలో మిగిలిన ముక్కలు చెరొకటి తీసి ఒకే దిక్కుకు పెట్టి చూశాను. తేడా పోలేదు. మరుసటి రోజు ఆ రెండు ముక్కలూ షాపుకు తెచ్చి ట్యూబ్ లైటు కింద పెడితే దాదాపు ఒకటిలాగే ఉన్నాయి! గుమ్మం బయట ఎండలో పెడితే కొంచెం తేడా. ఆ ఇంట్లో ఉన్న పసుపు కాంతి ఎల్‌ఈడీ కింద పెడితే ఎవరైనా గుర్తుపట్టేంత తేడా. అంటే రంగుల కలయికే వేరుగా ఉంది. ఒక వెలుతురులో కలిసినట్టుండి ఇంకో వెలుతురులో విడిపోతోంది. కవరు తీసినా సరే, డీలరు గోడౌన్ ట్యూబ్ లైటు కింద నేను దీన్ని పట్టుకోగలిగేవాణ్ణి కాదు.

ముక్కల వెనక వైపు తుడిచి చూస్తే ఒక మూల మసకగా బ్యాచ్ నంబర్లు కనిపించాయి. రెండూ వేరు. మీరు బిల్లులో బ్యాచ్ నంబరు వేయరు. డీలరు రాసి ఇవ్వడు. పాయింట్ల కోసం మేము ఫోనుతో స్కాన్ చేసే స్టిక్కరు మాత్రం ఇంత పెద్దదిగా అంటిస్తారు. బ్యాచ్ నంబరు కూడా ఆ స్టిక్కరు మీదే అదే సైజులో వేసి ఉంటే నేను తీసుకునేటప్పుడే అడిగేవాణ్ణి. ఇందులో డీలరు తప్పేమీ లేదు, మీరు పంపిన షీటే ఆయన ఇచ్చాడు.

బ్యాచ్ మారితే రంగు ఎందుకు మారుతుందో నాకు చెప్పింది మీరే. రెండేళ్ల కింద కడపలో ఒక హోటల్లో మీరు పెట్టిన కార్పెంటర్ మీట్‌కు వచ్చాను. కింద ఫినాల్ రెసిన్‌లో తడిపిన గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలు పొరలు పొరలుగా ఉంటాయని, పైన డిజైన్ అచ్చు వేసిన కాగితాన్ని మెలమిన్ రెసిన్‌లో తడిపి పెడతారని, అన్నిటినీ కలిపి 120 డిగ్రీలకు పైన వేడిలో గట్టిగా నొక్కుతారని చెప్పారు. ఆ డిజైన్ కాగితం అచ్చులో ఇంకు మారినా, రెసిన్ పాళ్లు మారినా, ప్రెస్ వేడి మారినా రంగు మారుతుందని కూడా చెప్పారు. అంటే ఇది మీకు తెలిసిన సంగతే. తెలిసి కూడా రెండు బ్యాచ్‌లకూ ఒకే నంబరు వేసి ఒకే గోడౌన్‌కు పంపి, కలవకపోతే అంటించినవాడి బాధ్యత అనడం న్యాయం కాదు.

షీటు గట్టిదనం మీద నాకు ఫిర్యాదు లేదు. మరిగే నీళ్లకు, పొడి వేడికి, అరుగుదలకు లామినేట్ షీట్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 2046లో పరీక్షలు ఉన్నాయి, మీ షీటు వాటికి తట్టుకుంటుందని నా అనుభవం. కడప ఎండలకు కూడా లేచి రాలేదు. నా ఫిర్యాదు రంగు ఒక్కదాని మీదే.

మాది బండల ఊరు. కడప బండ వేసిన వంటగట్లు, అలమరలు ఎక్కడెక్కడి ఇళ్లలోనో ఉన్నాయి. బండ కొనేవాడు పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చి, నీళ్లు చల్లి, ఒక్కోదాన్ని చూసి ఏరుకుంటాడు. ఒకటి నల్లగా, ఒకటి బూడిదగా ఉన్నా ఎవరూ గొడవ పడరు, ఎందుకంటే అది భూమిలో అలాగే పుట్టింది, దానికి నంబరు లేదు. మీ షీటుకు నంబరు ఉంది. అరచేయంత శాంపిల్ ముక్క చూసి, ఆ నంబరును నమ్మి జనం వేల రూపాయలు పెడుతున్నారు. ఇవాళ కొన్నా మూడు నెలలకు కొన్నా అదే రంగు వస్తుందనేగా ఆ నంబరుకు అర్థం?

"అంటించాక ఫిర్యాదు తీసుకోము" అన్నారు కదా, పీకి మార్చొచ్చేమో అని ప్రయత్నం కూడా చేశాను. ఒక లాఫ్ట్ డోరు మూల ఉలితో నెమ్మదిగా లేపాను. ఫెవికాల్ పట్టు వదల్లేదు, ప్లైవుడ్ పైపొర చెక్క షీటుతోపాటే ఊడి వచ్చింది. కాబట్టి షీట్లు మారిస్తే చాలదు, డోర్లే కొత్తగా చేయాలి. షీట్లు నాలుగు 7,400, ప్లైవుడ్ మూడు 9,000, ఎడ్జ్ బ్యాండ్, బంక, స్క్రూలు 1,600, ఐదు రోజుల కూలి 8,000. మొత్తం 26,000 రూపాయలు. ఇది తేలేదాకా ఇంటివాళ్లు నాకు రావాల్సిన 35,000 ఆపారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. స్కూళ్లు తెరిచే జూన్‌లో ఆ డబ్బు లేక ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు.

నేను అడిగేది ఇదీ. మొదటి పదకొండు షీట్ల బ్యాచ్‌వి నాలుగు షీట్లు ఎక్కడున్నా తెప్పించి ఇవ్వండి, డోర్లు మళ్లీ చేయడానికి అయ్యే మిగతా 18,600 ఇవ్వండి. ఆ బ్యాచ్ దొరకదంటే ఆ సంగతి రాసిచ్చి 26,000 ఇవ్వండి. అప్పుడు లాఫ్ట్‌కు తెలుపో క్రీమో వేరే రంగు వేద్దామని ఇంటావిడను ఒప్పించుకుంటాను. ఇకనుంచి బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయమని మీ డీలర్లకు చెప్పండి. ఇది నా ఒక్కడి కోసం కాదు, ఊళ్లో ఏ కార్పెంటర్‌ను అడిగినా ఇలాంటిదే ఒకటి చెబుతాడు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాడు కూడా వినియోగదారుడే. నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. అంతదాకా పోవాలని నాకు లేదు. పని మానుకుని తిరిగే ఓపిక, తీరిక రెండూ లేవు.

బ్యాచ్ నంబర్లు కనబడే రెండు ముక్కలూ నా షాపులో జాగ్రత్తగా ఉంచాను. మీ మనిషిని పంపండి. పగటిపూట వద్దు, సాయంత్రం ఆరు దాటాక రమ్మనండి. ఆ ఇంటికి తీసుకెళ్లి లైటు వేసి చూపిస్తాను.

ఇట్లు,
మీ షీట్లు వాడే కార్పెంటర్,
చిన్నచౌక్, కడప