బావగారూ, మా పడవలోనూ ఒక వాటర్ ప్లాంటు ఉంది

ఫాల్‌మత్ హార్బర్, యాంటీగా దీవి (కరీబియన్ సముద్రం)
మే నెలాఖరు

బావగారికి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. మొన్న ఫోన్లో అమ్మ మళ్ళీ అదే అడిగింది, "చుట్టూ ఉప్పునీళ్ళేనాయె, తాగడానికి ఏం చేస్తార్రా?" అని. చెప్పేలోపే లైను తెగిపోయింది. కనిగిరిలో రోజూ ఆర్వో ప్లాంటు నడిపేది మీరే కాబట్టి మీకు రాస్తున్నాను. అమ్మకు తీరిగ్గా మీరే చెప్పండి.

మా పడవ ఇంజన్ గదిలో మీ ప్లాంటు లాంటిదే చిన్నది ఒకటుంది. వాటర్‌మేకర్ అంటారు. వరస మీకు తెలిసిందే: జల్లెడ, 20 మైక్రాన్ల ఫిల్టరు, 5 మైక్రాన్లది, హై ప్రెషర్ పంపు, చివర ఉప్పును ఆపి నీళ్ళను మాత్రం వదిలే పల్చటి పొర, అదే మెంబ్రేన్. తేడా అంతా ప్రెషర్‌లోనే. బోరు నీళ్ళ టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) రెండు వేలు దాటితేనే మనం అమ్మో అంటాం, సముద్రం నీళ్ళది 35,000. మాగాయకు ఉప్పేసిన ముక్కల్లోంచి నీరు ఎలా ఊరుతుందో అమ్మకు చెప్పక్కర్లేదు. ఉప్పు నీటిని అలా తన వైపు లాక్కుంటుంది. సముద్రపు ఉప్పు లాగే బలం దాదాపు 27 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 27 రెట్లు. దాన్ని మించి నెడితేగానీ మంచినీళ్ళు మెంబ్రేన్ దాటి ఇవతలికి రావు. మేం 55 బార్లు పెడతాం. మీకైతే 10, 15తో పనైపోతుంది.

ఇంతా చేసి, లాగిన నీళ్ళలో మంచినీళ్ళయ్యేది పదో వంతు, మహా అయితే ఐదో వంతు. మిగతావి సముద్రంలోకే పోతాయి కాబట్టి రిజెక్ట్ నీళ్ళు ఎక్కడ వదలాలన్న గొడవ మాత్రం లేదు. గంటకు వంద లీటర్లు, అంటే మీ లెక్కలో ఐదు టిన్నులు. నవ్వకండి! ఇక్కడి సముద్రం వెచ్చన కాబట్టి ఆ మాత్రమైనా వస్తాయి, చన్నీళ్ళలో ఇంకా తగ్గుతాయి.

అన్నట్టు, ఇలాంటి మెంబ్రేన్‌ను 1960 ప్రాంతంలో అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో మొదట పనికొచ్చేలా తయారు చేసినవాళ్ళు ఇద్దరు: సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్. రెండో ఆయన మన దేశంలో పుట్టినవాడే. మా కెప్టెన్‌కు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాను లెండి.

స్విచ్ వేయగానే వచ్చిన నీళ్ళను ట్యాంకులోకి వదలం. ప్రెషర్ మెల్లగా పెంచి, టీడీఎస్ మీటరులో 500 లోపు చూపించేదాకా బయటికే పారబోస్తాం. హార్బర్‌లో అసలు మిషన్ వేయం. నీటి మీద తేలే డీజిల్ పొర మెంబ్రేన్‌కు తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. ఈ మధ్య సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కుప్పలు కుప్పలుగా కొట్టుకొచ్చి జల్లెడ మూసుకుపోతోంది, దాంతో చాకిరీ రెట్టింపైంది.

నన్నడిగితే ఈ మిషన్ పని చేసి పాడవదు, ఊరికే ఉండి పాడవుతుంది. రెండు వారాలు ఆపేస్తే ఫిల్టర్ గిన్నెల్లో నిలవున్న సముద్రం నీళ్ళలో పురుగూ పుట్రా చచ్చి, కోడిగుడ్డు కుళ్ళిన వాసన. మెంబ్రేన్ మీద జిగురు పట్టేస్తుంది. అందుకే వాడినా వాడకపోయినా వారానికోసారి మంచినీళ్ళతో కడుగుతాం. ఆ నీళ్ళు కూడా కార్బన్ ఫిల్టరు దాటే రావాలి. రేవు కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది మెంబ్రేన్‌ను తినేస్తుంది. పక్క పడవవాళ్ళు ఆ ఫిల్టరు లేకుండా కడిగి, కొత్త మెంబ్రేన్ కొనుక్కున్నారు.

జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ తుఫానుల కాలం. పడవను ఒడ్డుకెక్కిస్తున్నారు. అందుకని ఈ వారమంతా మిషన్‌ను నిద్రపుచ్చే పనిలోనే ఉన్నాను. క్లోరిన్ లేని మంచినీళ్ళలో సోడియం మెటాబైసల్ఫైట్ పొడి కలిపి లోపలంతా తిప్పి వదిలేయాలి. ఇక సూక్ష్మజీవులు పెరగవు. కలిపేటప్పుడు వచ్చే ఘాటుకు దగ్గు ఆగదు, డెక్ మీద గాలికి నిలబడి కలుపుకోవాలి. మళ్ళీ మొదలెట్టేటప్పుడు ప్రెషర్ లేకుండా ఓ అరగంట నీళ్ళు బయటికి పోనివ్వాలి. వచ్చేవాళ్ళకు తెలియాలని తేదీ వేసి మిషన్‌కు చీటీ కట్టాను.

అమ్మకు ఇంకో మాట కూడా చెప్పండి. కరెంటు పోయినా భయం లేదు, లైఫ్ రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే తెప్ప) సంచిలో ఇదే పని చేసే, చేత్తో కొట్టే చిన్న పంపు ఉంది. గంటంతా కొడితే లీటరు లోపే వస్తాయనుకోండి, ఆ ముక్క మాత్రం అమ్మకు చెప్పకండి.

వానాకాలంలో గిరాకీ లేదని మీరు ప్లాంటు ఆపేస్తారు కదా, అప్పుడు మెంబ్రేన్లలో ఏమైనా పోస్తున్నారా, వట్టిగానే వదిలేస్తున్నారా? ఇలా మందు నీళ్ళు నింపి ఆపడం మీ మెంబ్రేన్లకూ పనికొస్తుంది. జూన్‌లో వస్తున్నాను, నేనొచ్చాకే ఆపండి, ఇద్దరం కలిసి చేద్దాం. అక్కను అడిగానని చెప్పండి. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ బావమరిది