పడవలకు ఒడ్డు నుంచి కరెంటు: ప్లగ్గు ఎంపికలో శ్రద్ధ ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. కృష్ణానది మీద తిరిగే విహార పడవల్లో ఇప్పుడు ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, సౌండ్ సిస్టమ్‌లు, కొన్నింటిలో ఏసీలు కూడా ఉంటున్నాయి. పడవ రేవులో కట్టి ఉన్నంతసేపు జనరేటర్ నడపకుండా ఒడ్డు మీది మీటరు నుంచి తీగ లాగి కరెంటు తీసుకోవడం, రాత్రికి రాత్రి బ్యాటరీలు చార్జి చేసుకోవడం మామూలైపోయింది. డీజిల్ పొగ, చప్పుడు రెండూ తగ్గుతాయి కాబట్టి ఇది మంచి మార్పే. అయితే ఆ తీగకు రెండు చివరలా ఏ ప్లగ్గు, ఏ సాకెట్ ఉండాలన్న దాని గురించి మాత్రం చాలా చోట్ల ఎవరూ ఆలోచించడం లేదు. విజయవాడలో చాలా కాలంగా ఎలక్ట్రికల్ పనులు చేయిస్తున్న వ్యక్తిగా ఈ విషయాన్ని పడవల యజమానుల దృష్టికీ, రేవుల నిర్వహణ చూసే అధికారుల దృష్టికీ మీ పత్రిక ద్వారా తీసుకురాదలిచాను.

ఈ మధ్య ఒక రేవులో నేను చూసిన కనెక్షన్ ఇలా ఉంది. చెక్కబోర్డు మీద ఇళ్లలో వాడే 16 ఆంపియర్ల త్రీపిన్ సాకెట్, దాని మీద వాన పడకుండా సగానికి కోసి తగిలించిన నీళ్ల సీసా, సాకెట్‌లోని టాపుకు (ప్లగ్గుకు) రెండు కోర్ల తీగ. ఎర్త్ తీగ అసలే లేదు. తీగ మధ్యలో అతుకు, అతుకు మీద నల్ల టేపు, టేపు మీద పాలిథిన్ సంచి. స్విచ్ ఆపించి టాపు బయటికి లాగి చూస్తే ఇత్తడి పిన్నుల మీద పచ్చని చిలుము పట్టి ఉంది, ఫేజు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి బుడగలెత్తి ఉంది. ఆ తీగ నీళ్లను తాకుతున్న చోటికి కాస్త దూరంలోనే, మెట్ల మీద జనం స్నానాలు చేస్తున్నారు.

ఆ పిన్ను ఎందుకు మాడిందో తెలిస్తే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది. తేమకు ఇత్తడి మీద చిలుము పడుతుంది, సాకెట్‌లోని స్ప్రింగు వదులవుతుంది, దాంతో పిన్నుకూ సాకెట్‌కూ మధ్య నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధం ఓమ్‌లో పదో వంతే అనుకున్నా, 16 ఆంపియర్లు ప్రవహించినప్పుడు అక్కడ పుట్టే వేడి 25 వాట్లు దాటుతుంది. అంటే ప్లగ్గు లోపల ఒక సాల్డరింగ్ ఐరన్ తెల్లవార్లూ కాలుతూ ఉన్నట్టే. పైన చుట్టిన పాలిథిన్ సంచి ఆ వేడిని బయటికి పోనివ్వదు సరికదా, పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ లోపల చెమర్చిన నీటిని కూడా అక్కడే నిలబెడుతుంది. వానను ఆపాలని చుట్టిన సంచి తేమను బంధించడానికే పనికొస్తోంది. కరెంటు మితిమీరితే ఆపేసే ఎంసీబీ స్విచ్ ఈ వేడిని పసిగట్టలేదు, ఎందుకంటే సర్క్యూట్‌లో ప్రవహించే కరెంటు పెరగలేదు.

అంతకంటే పెద్ద భయం నీళ్లలోనిది. ఉప్పునీరు మనిషి శరీరం కంటే బాగా కరెంటును మోస్తుంది కనుక సముద్రంలో లీకైన కరెంటు చాలావరకు మనిషిని తప్పించుకుని నీటిలోనే పోతుంది. నదిలోని మంచినీరు అలా కాదు. దానికంటే శరీరమే మెరుగైన దారి కాబట్టి లీకేజీ ఉన్న పడవకూ గట్టుకూ మధ్య ఈదే మనిషి ఒంట్లోంచి కరెంటు వెళ్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి చేతులు కాళ్లు ఆడవు. చూసేవాళ్లకు అది ఈత రాక మునిగిపోయినట్టే కనిపిస్తుంది, ఒంటి మీద కాలిన గుర్తు కూడా ఉండకపోవచ్చు. కాపాడబోయి నీళ్లలోకి దూకినవారికీ అదే గతి పడుతుంది. స్నానఘట్టాల పక్కనే పడవలు కట్టే మన ఊరిలో ఈ సంగతి ప్రతి బోటు యజమానికీ తెలిసి ఉండాలి.

ఇక ఏది కొనాలన్న ప్రశ్నకు వస్తాను. ఇళ్లలో వాడే త్రీపిన్ టాపులు ఎంత మంచి కంపెనీవైనా ఆరుబయట, నీటి ఒడ్డున వాడటానికి తయారైనవి కావు. ఏసీలకు బిగించే మెటల్‌క్లాడ్ సాకెట్లు చూడటానికి గట్టిగా ఉన్నా వాటిలో చాలావాటికి నీటిని ఆపే ఏర్పాటు ఉండదు, పైగా ఎర్త్ తెగిపోయి ఉన్నప్పుడు లోపల లీకేజీ వస్తే ఆ ఇనుప పెట్టెకే కరెంటు వస్తుంది. ఈ పనికి తగినవి ఐఈసీ 60309 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన గుండ్రటి ఇండస్ట్రియల్ ప్లగ్గులు, సాకెట్లు. మన దేశం కూడా ఆ ప్రమాణాన్ని స్వీకరించింది. 230 వోల్ట్‌ల సింగిల్ ఫేజుకు నీలం రంగు, 400 వోల్ట్‌ల త్రీఫేజుకు ఎరుపు, 110 వోల్ట్‌లకు పసుపు. ఎర్త్ పిన్ను మిగిలినవాటికంటే లావుగా ఉంటుంది, సాకెట్‌లో అన్నిటికంటే ముందుగా అదే తగులుతుంది. వోల్టేజీని బట్టి దాని స్థానం మారుతుంది కాబట్టి నీలం ప్లగ్గును ఎర్ర సాకెట్‌లో పెట్టాలన్నా పట్టదు. యూరప్ రేవుల్లో పడవలకు కరెంటు ఇవ్వడానికి వాడేవి ఎక్కువగా ఈ నీలం రకం 16 ఆంపియర్ల సాకెట్లే. ఒక టన్నున్నర ఏసీ, ఫ్రిజ్, బ్యాటరీ చార్జరు ఉన్న పడవకు 16 ఆంపియర్లు, అంటే సుమారు 3,680 వాట్లు సరిపోతాయి. పూర్తిగా బ్యాటరీతో నడిచే పడవల చార్జింగుకైతే 32 ఆంపియర్లవి చూసుకోవాలి.

నీలం రంగు చూసి తృప్తి పడకూడదు. అందులోనూ రెండు రకాలున్నాయి. ధూళినీ నీటినీ ఎంతవరకు ఆపుతుందో పరీక్షించి ఇచ్చే గుర్తు ‘ఐపీ’ అంకె. ఐపీ44 అని రాసి ఉన్నవాటికి స్ప్రింగు మూత ఉంటుంది, అవి అన్ని వైపుల నుంచి పడే తుంపరలను తట్టుకుంటాయి. ఐపీ67 రకానికి తిప్పి బిగించే రింగు, లోపల రబ్బరు సీలు ఉంటాయి. ఇది ధూళిని పూర్తిగా ఆపుతుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట సేపు మునిగినా లోపలికి నీరు చేరదు. కొన్ని సాకెట్ల మీద అంకెలతోపాటు నీటి బొట్టు గుర్తులు కూడా ఉంటాయి, త్రికోణంలో ఒక బొట్టు ఉంటే తుంపరలకు, త్రికోణం లేకుండా రెండు బొట్లుంటే మునకకు అని అర్థం. తుఫానులు, వరదలు తెలిసిన మన ఊరికి, నీటి అంచునే ఉండే సాకెట్‌కు ఐపీ67 తప్ప మరొకటి నేను సిఫారసు చేయను. ఒడ్డుకు పైన, షెడ్డు కింద ఉన్న బోర్డుకైతే ఐపీ44 చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఐపీ67 సాకెట్‌లో ఐపీ44 ప్లగ్గు పెడితే ఆ జతకు వచ్చేది ఐపీ44 రక్షణ మాత్రమే. జతలో రెండూ ఐపీ67 అయినా రింగు చివరిదాకా తిప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. ప్లగ్గు తీసి డెక్కు మీద పడేసినప్పుడు దాని పిన్నులకు సొంత మూత ఉండాలి, లేకపోతే రాత్రి మంచు, పగటి దుమ్ము అన్నీ లోపలికే పోతాయి. ఐపీ67 మునక పరీక్షలో వాడేది నిలకడగా ఉన్న శుభ్రమైన నీరు. మునకను తట్టుకునే సాకెట్ పైపుతో కొట్టే నీటి ధారను తట్టుకుంటుందని చెప్పలేం, అది వేరే పరీక్ష. డెక్కు కడగడానికి పైపు వాడేవారు ఐపీ66, ఐపీ67 రెండూ రాసి ఉన్నదాన్ని అడగాలి. తీగ లోపలికి వెళ్లే గ్లాండు మీద కూడా అంతే శ్రద్ధ కావాలి. గ్లాండులోని రబ్బరు గుండ్రటి తీగ చుట్టూనే సరిగా కూర్చుంటుంది. చదును తీగలు, మెలితిప్పిన విడి తీగలు దూరిస్తే పక్కల నుంచి నీరు పోతుంది, ఎంత ఖరీదు పెట్టి కొన్న ప్లగ్గైనా వృథాయే.

ఆన్‌లైన్‌లో ‘మెరైన్’ అని అమ్మే, తిప్పి బిగించే 30 ఆంపియర్ల అమెరికా రకం ప్లగ్గులు బాగా మెరుస్తూ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం 125 వోల్ట్‌లకు చేసినవి. మన 230 వోల్ట్‌లకు అవి వద్దు.

ఏ చివర ఏది ఉండాలన్నది ప్లగ్గు రకం కంటే ముఖ్యం. ఒడ్డు మీద ఉండేది ఎప్పుడూ సాకెట్, అంటే ఫీమేల్. పడవకు ఉండేది లోపలికి దిగి ఉన్న పిన్నుల ఇన్లెట్, అంటే మేల్. మధ్య తీగకు ఒడ్డు వైపు ప్లగ్గు, పడవ వైపు కనెక్టర్ ఉంటాయి. ఇలా ఉంటే కరెంటు ఉన్న పిన్నులు ఎవరి చేతికీ తగలవు. అయితే మన దగ్గర జనరేటర్ కనెక్షన్లకు అలవాటుగా వాడే, రెండు చివరలా త్రీపిన్ టాపులు బిగించిన తీగ పడవల దగ్గరికీ వచ్చేసింది. ఒడ్డున పెట్టిన తీగ పడవ వైపు ఊడిపోతే ఆ పిన్నుల్లో 230 వోల్ట్‌లు బయటికి కనిపిస్తూ ఉంటాయి, అదీ తడి డెక్కు మీద, చెప్పుల్లేని కాళ్ల పక్కన. అలాంటి తీగ ఏ పడవలో కనిపించినా అక్కడికక్కడే కోసి పారేయాలని నా అభిప్రాయం. తగిలించేటప్పుడు ముందు పడవ వైపు, తర్వాత ఒడ్డు వైపు, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి.

ఎంత మంచి కనెక్టరైనా దాని వెనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ప్రయోజనం సగమే. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా ఆ మేరకు ఎక్కడో లీకైతే అది 0.3 సెకను లోపే సరఫరా ఆపేస్తుంది. ప్రతి సాకెట్‌కూ విడిగా ఒకటి ఉంటే ఒక పడవలోని లోపం వల్ల రేవంతా చీకటి కాదు. ‘ఇది ఊరికే ట్రిప్పవుతోంది’ అని తీసేయడమో, దాటవేసి తీగ కలపడమో నేను పలుచోట్ల చూశాను. పడవలో జనరేటర్ కోసం న్యూట్రల్‌ను, ఎర్త్‌ను ఒకచోట కలిపి ఉంచి, ఒడ్డు కరెంటుకు మారినప్పుడు కూడా దాన్ని అలాగే వదిలేయడం అలా ట్రిప్పవడానికి తరచుగా కనిపించే కారణం. జనరేటర్ నుంచి ఒడ్డు కరెంటుకు మార్చే చేంజోవర్ స్విచ్ ఆ లింకును కూడా విడదీసేలా వైరింగ్ చేస్తే ట్రిప్పింగ్ ఆగిపోతుంది, ఆర్‌సీసీబీని తీయాల్సిన అవసరమే రాదు. రేవు దగ్గర సరైన ఎర్త్ పిట్ ఉండాలి, దాని నిరోధాన్ని వేసవిలో, నేల ఎండి ఉన్నప్పుడు కొలవాలి. ఇనుప పడవల యజమానులు కొందరు అడుగు తుప్పు పడుతోందని ఎర్త్ తీగ తీసేస్తుంటారు. తుప్పు భయం నిజమే, దానికి తుప్పు తెచ్చే చిన్న కరెంటును ఎర్త్ తీగలో ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ అనే పరికరం ఉంది, ఎర్త్ తీగను మాత్రం తీయకూడదు.

తీగ విషయం క్లుప్తంగా చెబుతాను. నూనెకు, ఎండకు తట్టుకునే రబ్బరు తొడుగు గల మూడు కోర్ల తీగ, 16 ఆంపియర్లకు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లది కావాలి. 25 మీటర్ల పొడవులో పూర్తి లోడు మీద పోయే వోల్టేజీ అప్పుడు ఆరేడు వోల్ట్‌లకు మించదు. మధ్యలో అతుకులు వద్దు. సాకెట్ దగ్గర తీగను కిందికి వంపు తిప్పి ఉంచితే దాని వెంట జారే వాననీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. బ్యారేజీ గేట్లు ఎత్తినా దించినా నీటిమట్టం మారుతుంది కాబట్టి పడవ లాగే బరువు ప్లగ్గు మీద పడకుండా తీగను విడిగా కట్టి, తగినంత వదులు ఉంచాలి.

రేవుల అధికారులకు నా విన్నపం ఒకటుంది. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొన్నాయి. ఆ నీరు ఘాట్ల మీద ఎంతవరకు లేచిందో అందరికీ గుర్తుంది. సాకెట్ పెట్టెలన్నీ ఆ మట్టానికి పైనే ఉండాలి. అందుకు వీలు లేని చోట, నీటిమట్టం పెరుగుతోందని హెచ్చరిక రాగానే ఆపేయడానికి ఎత్తైన చోట ఒక మెయిన్ స్విచ్, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తెలిపే బోర్డు ఉండాలి. దసరా చివరి రోజున దుర్గా ఘాట్ దగ్గర అమ్మవారి తెప్పోత్సవానికి హంస వాహనం మీద దీపాలంకరణ చేస్తారు, వేల మంది గట్టు మీద నిలబడతారు. 2028లో కృష్ణా పుష్కరాలు రానున్నాయి, నదిలో దిగేవారి సంఖ్య మామూలు రోజులతో పోల్చలేనంతగా పెరుగుతుంది. ఆ పుష్కరాల పనుల అంచనాలు వేసేటప్పుడే ప్రతి రేవులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో కూడిన ఐపీ67 నీలం సాకెట్లను చేర్చాలి. ‘వాతావరణాన్ని తట్టుకునే సాకెట్’ అని మాత్రమే టెండరులో రాస్తే ఏదో ఒకటి తెచ్చి బిగిస్తారు, అందుకే ప్రమాణం సంఖ్య, ఐపీ అంకె, ఆంపియర్లు విడివిడిగా రాయాలి. స్నానఘట్టాలకు ఆనుకుని పడవలకు కరెంటు ఇవ్వడాన్ని పుష్కరాల రోజుల్లో పూర్తిగా నిలిపివేయడం ఇంకా మేలు.

పడవల యజమానులు ఈలోగా ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటుంది. మీ రేవు బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ‘టి’ అని రాసిన మీట ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు దాన్ని నొక్కండి. వెంటనే సరఫరా ఆగకపోతే అది పాడైనట్టే, మార్చేదాకా ఆ సాకెట్‌కు పడవను తగిలించకండి.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు,
భవానీపురం, విజయవాడ