పాత రేసర్లను కోచ్‌లుగా నియమించాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల మైదానం) అంతకు చాలా ముందే ఉంది. రేసుల్లో దిగాలనుకునే మన పిల్లలకు ఇక కావలసింది నేర్పే మనిషి. ఫ్రాన్స్‌కు చెందిన సైకిల్ రేసర్ సిరిల్ గిమార్ కథ ఇందుకే చెబుతున్నాను.

రోజుల తరబడి సాగి పారిస్‌లో ముగిసే సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో, 1972లో, ఆయన బెల్జియం మేటి రేసర్ ఎడ్డీ మెర్క్స్ అంతటివాడికి ముచ్చెమటలు పట్టించాడు. రెండో స్థానంలో ఉండగా, పారిస్ చేరడానికి రెండు రోజుల ముందు, మోకాలి నొప్పి భరించలేక తప్పుకున్నాడు. పాయింట్లలో ముందున్నవారికి ఇచ్చే, స్ప్రింటర్ల (చివర్లో మెరుపు వేగంతో దూసుకెళ్లేవారి) పచ్చ జెర్సీని తర్వాత మెర్క్స్ ఆయనకే ఇచ్చేశాడు. ప్రత్యర్థి నుంచి అంతకన్నా గౌరవం ఏముంటుంది! 1976లో గిమార్ ఒక రేసింగ్ జట్టు పగ్గాలు పట్టాడు. ఆ ఏడాదే ఆ జట్టులోని లూసియెన్ వాన్ ఇంప్ టూర్ గెలిచాడు. కొండల్లో ఎప్పుడు విరుచుకుపడాలో పట్టుబట్టి చెప్పింది గిమారే. తర్వాత బెర్నార్ ఇనో నాలుగుసార్లు, లొరాన్ ఫిన్యాన్ రెండుసార్లు ఆయన చేతికిందే గెలిచారు. తాను మాత్రం టూర్ ఒక్కసారీ గెలవలేదు.

ఎదురుగాలిలో ముందువాడి చక్రాన్ని ఎలా అంటిపెట్టుకోవాలో, బలం ఎప్పటిదాకా దాచుకోవాలో గుంపులో తొక్కినవారే నేర్పగలరు. జాతీయ పోటీల్లో తొక్కి, ఇప్పుడు ఏదో ఉద్యోగంలో ఉన్నవారు మన దగ్గరా ఉన్నారు. పతకాలు లేవని వాళ్లను పక్కన పెట్టకుండా, ప్రభుత్వం నెలజీతం మీద కోచ్‌లుగా తీసుకోవాలి. వెలోడ్రోమ్‌లో పొద్దున, సాయంత్రం బడిపిల్లలకు ఉచితంగా శిక్షణ ఇప్పించాలి.

– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్